ఫిట్స్ మాత్రల మధ్యలోకి గ్యాస్ మాత్ర వచ్చి చేరినప్పుడు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీవారికి 44 ఏళ్లు. పదేళ్లకు పైగా ఫిట్స్ రాలేదు. రోజూ రాత్రి ఫెనిటాయిన్ 300 మిల్లీగ్రాములు, క్లోబజామ్ 10 మిల్లీగ్రాములు వేసుకుంటారు. ఛాతీలో మంటగా ఉందని రెండు నెలల క్రితం, తెలిసినవాళ్లు చెప్పగా ఒమెప్రజోల్ 20 పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మొదలుపెట్టారు. రాత్రి మాత్రలు మింగిన వెంటనే రెండు మూతల తెల్ల సిరప్ తాగడం కూడా అలవాటైంది. వారం క్రితం ఆ సిరప్ అయిపోయింది, మళ్లీ కొనలేదు. మూడు వారాలుగా మగతగా ఉంటున్నారు. ఈ వారంలో నడక తూలుతోంది. నిన్నటి నుంచి ఎదురుగా ఉన్నవి రెండుగా కనిపిస్తున్నాయి. ఇదంతా గ్యాస్ మాత్ర వల్లేనా, డాక్టరు దొరికే సోమవారం దాకా ఫిట్స్ మాత్రలు ఆపి చూడొచ్చా అన్నది మీ ప్రశ్న.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీ అంతట మీరు ఆపొద్దు. సోమవారం దాకా ఆగనూ వద్దు. ఫెనిటాయిన్ వాడే మనిషికి మగత, తూలడం, రెండుగా కనిపించడం మూడూ కలిసి వచ్చాయంటే రక్తంలో ఆ మందు ఎక్కువై ఉండొచ్చని గట్టిగా అనుమానించాలి. కానీ ఇవే లక్షణాలు మెదడుకు రక్తప్రసరణ తగ్గినా వస్తాయి. ఇంట్లో కూర్చుని ఏది ఏదో తేల్చలేం. ఈరోజే ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఖాళీ అయిన సిరప్ సీసాతో సహా సంచిలో వేసుకుని వెళ్లండి. ఈ రాత్రి డోసు వేయాలా, ఒకపూట ఆపాలా అన్నది రక్తంలో మందు ఎంతుందో చూసే లెవెల్ పరీక్ష చేసి అక్కడి డాక్టరు చెబుతారు. వాళ్లు ఆపమంటే ఆపండి. ఆ నిర్ణయం మాత్రం మీది కాకూడదు. ఎందుకంటే ఈ రెండు మాత్రల్లో ఒకటి క్లోబజామ్. ఏళ్ల తరబడి వాడిన క్లోబజామ్‌ను ఒక్కసారిగా ఆపితే ఆపినందుకే ఫిట్స్ రావచ్చు. ఒకదాని వెనక ఒకటి ఆగకుండా వచ్చే ప్రమాదం కూడా ఉంది. అది ప్రాణం మీదికి తెచ్చే పరిస్థితి.

మీరు బయలుదేరే పనిలో ఉంటే మిగతాది తిరిగొచ్చాక చదువుకోవచ్చు.

నేను క్లినికల్ ఫార్మసిస్టుని. ఇరవై ఆరేళ్లలో ఎక్కువ భాగం న్యూరాలజీ వార్డుల్లోనే పనిచేశాను. ఫిట్స్ మందులూ గ్యాస్ మందులూ కలిపి వాడకూడదని చాలామంది అనుకుంటారు. అలాంటి నిషేధం ఏమీ లేదు. ఫిట్స్ ఉన్నవాళ్లకీ కడుపులో మంట వస్తుంది, వాళ్లకీ మందు కావాలి, చాలా జోడీలు ఏ గొడవా లేకుండా సాగిపోతాయి. నేను చూసిన కేసుల్లో అసలు దెబ్బ కొట్టింది ఎవరికీ చెప్పకుండా జరిగిన మార్పు. గ్యాస్ మాత్ర మొదలుపెట్టడం ఒక మార్పు. డోసు పెంచడం ఒక మార్పు. ఆపేయడం కూడా అంతే పెద్ద మార్పు. ఈ మూడో దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మీవారి విషయంలో రెండు నెలల్లో ఇలాంటివి మూడు జరిగాయి: ఒమెప్రజోల్ చేరింది, సిరప్ చేరింది, సిరప్ పోయింది.

ఒక్కోటీ ఏం చేసి ఉంటుందో చూద్దాం.

ఫెనిటాయిన్ 1938 నుంచి వాడుకలో ఉన్న మందు. చవకైనది, బాగా పనిచేస్తుంది, లక్షలాది మంది జీవితాలను నిలబెట్టింది. కానీ దాని లెక్క మిగతా మందుల లెక్క కాదు. చాలా మందులకు డోసు కొంచెం పెంచితే రక్తంలో లెవెల్ కూడా కొంచెమే పెరుగుతుంది. ఫెనిటాయిన్ అలా నడవదు. లివర్‌లో దాన్ని విరగ్గొట్టే ఎంజైములను టికెట్ కౌంటర్లు అనుకోండి. జనం తక్కువున్నంత సేపు వచ్చినవాళ్లు వచ్చినట్టే టికెట్ తీసుకుని వెళ్లిపోతారు. కౌంటర్లన్నీ నిండిపోయాక మాత్రం అదనంగా వచ్చిన ప్రతి మనిషీ వరుసలోనే మిగిలిపోతాడు. గంట తిరిగేసరికి హాలు కిక్కిరిసిపోతుంది. ఫెనిటాయిన్ విషయంలో మామూలు డోసులోనే కౌంటర్లు దాదాపు నిండి ఉంటాయి. అందుకే 300 నుంచి 400 మిల్లీగ్రాములకు పెంచితే, అంటే మూడో వంతు పెంచితే, కొందరిలో లెవెల్ రెట్టింపు దాటిపోతుంది. అదే తీరుగా, మరో మందు వచ్చి ఒక్క కౌంటర్ మూయించినా చాలు, రద్దీ పెరిగిపోతుంది.

సాధారణంగా రక్తంలో ఫెనిటాయిన్ ఒక మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలంటారు. 20 దాటితే కనుగుడ్లు పక్కకు తిప్పినప్పుడు అదురుతుంటాయి. 30 దాటితే నడక తూలుతుంది. 40 దాటితే మత్తు, అయోమయం, మాట ముద్దగా రావడం. మనిషిని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి. ఇంకో సంగతి. రక్తంలోని ఫెనిటాయిన్‌లో దాదాపు 90 శాతం ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. పనిచేసేది అంటుకోకుండా మిగిలిన భాగమే. లివర్ జబ్బు వల్లో, కిడ్నీ జబ్బు వల్లో, సరిగ్గా తినకపోవడం వల్లో ఆల్బుమిన్ తగ్గినవాళ్లకు రిపోర్టులో 14 అని ఉన్నా అసలు ప్రభావం 25 ఉన్నట్టు ఉండొచ్చు. కాబట్టి రిపోర్టులో అంకె మామూలుగానే ఉండి మనిషి మాత్రం తూలుతుంటే, ఆల్బుమిన్ కూడా చూడమని అడగండి.

ఇప్పుడు ఒమెప్రజోల్. ఇది కడుపులో ఆమ్లం ఊరడాన్ని తగ్గిస్తుంది, మంచి మందు. కానీ లివర్‌లో సీవైపీ2సీ19 అనే ఎంజైమును అడ్డుకుంటుంది. ఫెనిటాయిన్‌కు ప్రధానమైన దారి 2సీ9 అనే వేరే ఎంజైము. 2సీ19 పక్కదారి లాంటిది. ప్రధాన దారి నిండిపోయేకొద్దీ ఆ పక్కదారి మీద భారం పెరుగుతుంది. రోజుకు 20 మిల్లీగ్రాముల ఒమెప్రజోల్ వేసుకుంటే చాలామందిలో ఫెనిటాయిన్ లెవెల్ పెద్దగా కదలదు. 40కి వెళ్లినప్పుడు కొంత పెరుగుతుంది. మీవారు వేసుకుంటున్నది పొద్దున 20, సాయంత్రం 20, కలిపితే నలభయ్యే.

క్లోబజామ్ కథ ఇంతకన్నా ముఖ్యం. చాలామంది, కొందరు డాక్టర్లతో సహా, దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. క్లోబజామ్ ఒంట్లోకి వెళ్లాక నార్‌క్లోబజామ్ అనే మరో పదార్థంగా మారుతుంది. అది కూడా మందే, మత్తు కూడా ఇస్తుంది, ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది. సగానికి తగ్గడానికే దాదాపు మూడు రోజులు పడుతుంది. దాన్ని బయటికి పంపే దారి ప్రధానంగా ఆ 2సీ19 ఎంజైమే. పైగా ఫెనిటాయిన్‌కు ఒక గుణముంది. అది వేరే ఎంజైములను చురుకుగా మార్చి క్లోబజామ్‌ను త్వరత్వరగా నార్‌క్లోబజామ్‌గా మార్చేస్తుంది. అంటే మీవారి ఒంట్లో ఫెనిటాయిన్ లోపలికి వచ్చే తలుపును బార్లా తెరిచింది, ఒమెప్రజోల్ బయటికి పోయే తలుపును మూసింది. మధ్యలో నార్‌క్లోబజామ్ పోగుపడింది. మందు మార్చిన మర్నాడే కాకుండా కొన్ని వారాలు గడిచాక మగత మొదలవడానికి ఇదొక కారణం కావచ్చు. ఏ మాత్ర వల్ల వచ్చిందో ఇంట్లోవాళ్లు గుర్తుపట్టలేకపోవడానికీ ఇదే కారణం.

పుట్టుకతోనే ఈ 2సీ19 ఎంజైము సరిగ్గా పనిచేయనివాళ్లు ఉంటారు. యూరప్ మూలాలున్న వాళ్లలో కంటే ఆసియా వాళ్లలో ఇలాంటివారు ఎక్కువ. వాళ్లలో నార్‌క్లోబజామ్ లెవెల్ మామూలువాళ్ల కంటే మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువగా ఉండొచ్చు. ఒకే డోసుకు ఒకరు హుషారుగా తిరుగుతుంటే మరొకరు రోజంతా తూగుతూ ఉండటం వెనక ఇలాంటి తేడాలు ఉంటాయి. అందుకని 'మా అన్నయ్య ఇవే రెండు మాత్రలు కలిపి వాడుతున్నాడు, ఏమీ కాలేదు' అన్న మాటను ఎప్పుడూ ఆధారంగా తీసుకోకండి.

ఇక తెల్ల సిరప్. ఇలాంటివి సాధారణంగా ఆంటాసిడ్లు, అంటే కడుపులోని ఆమ్లాన్ని విరిచే మందులు. అల్యూమినియం, మెగ్నీషియం, కాల్షియం ఉన్న ఆంటాసిడ్లు కడుపులో ఫెనిటాయిన్‌తో కలిసినప్పుడు అది రక్తంలోకి ఎక్కడం తగ్గవచ్చు. అందరిలోనూ ఒకే స్థాయిలో తగ్గదు, కొందరిలో అసలు తేడా కనిపించదు. కానీ తగ్గినవాళ్లలో ఏం జరుగుతుందో నేను కళ్లారా చూశాను.

నా ఉద్యోగం మొదటి రోజుల్లో ఒకాయన ఫెనిటాయిన్ వాడుతూ ఉండేవారు. ఉన్నట్టుండి చిన్న చిన్న ఫిట్స్ మొదలయ్యాయి. లెవెల్ చూస్తే తక్కువగా ఉంది. మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదేమోనని ఆయన్నే నాలుగు మాటలు అన్నారు. ఆయన ఒట్టేసి వేసుకుంటున్నానన్నారు. డోసు పెంచారు. ఫిట్స్ తగ్గాయి. రెండు నెలల తర్వాత అదే మనిషిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. నిలబడలేకపోతున్నారు, మాట తడబడుతోంది. లెవెల్ 38. మాత్రలు ఎక్కువ మింగారేమో అన్న అనుమానంతో మళ్లీ ఆయన్నే ప్రశ్నలడిగారు. చివరికి ఆయన భార్య మాటల మధ్యలో అన్నది: 'ఈమధ్య మంట తగ్గింది, సిరప్ మానేశారు.' ఆయన నెలల తరబడి రాత్రి మాత్రతో పాటే ఆ సిరప్ తాగారు. లెవెల్ తగ్గింది సిరప్ వల్ల. అది తెలియక డోసు పెంచాం. సిరప్ ఆగగానే పెంచిన డోసు మొత్తం ఒంట్లోకి ఎక్కింది. సిరప్ మందు కాదనుకున్నారు కాబట్టి ఆయన చెప్పలేదు. మందుల వివరాలు రాసుకున్న నేనూ ఆ మాట అడగలేదు. ఆ తర్వాత ఏ రోగినీ 'ఏం మందులు వాడుతున్నారు' అని మాత్రమే అడిగి ఊరుకోలేదు. 'మంటకీ, గ్యాస్‌కీ, నిద్రకీ, ఒంటినొప్పులకీ మీరే కొనుక్కుని ఏం వేసుకుంటున్నారు' అని ఒక్కోటీ విడివిడిగా అడుగుతాను.

మీవారికి వారం క్రితం సిరప్ ఆగింది, ఈ వారంలోనే నడక తూలింది. నాకు ఆ పెద్దాయన గుర్తొచ్చారు. ఇది కచ్చితంగా అదేనని ఇక్కణ్ణుంచి చెప్పలేను. కానీ మీరు డాక్టరుకు చెప్పాల్సిన వివరాల్లో ఇది మొదటిది. తేదీలతో సహా చెప్పండి.

ఆంటాసిడ్ తప్పదనుకుంటే, ఫెనిటాయిన్‌కూ దానికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. గాబాపెంటిన్ అనే మరో ఫిట్స్ మందు వాడేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న ఆంటాసిడ్ దాన్ని సుమారు 20 శాతం తగ్గిస్తుంది. సిరప్ తాగిన రెండు గంటల తర్వాత గాబాపెంటిన్ వేసుకోవాలి. కడుపులో పుండుకు ఇచ్చే సుక్రాల్ఫేట్ కూడా ఫెనిటాయిన్‌ను అడ్డుకుంటుంది, దానికీ అదే ఎడం. ఒక్క మాట. ఎడం పాటిస్తే సరిపోయేది కడుపులో కలిసే ఈ మందుల విషయంలోనే. ఒమెప్రజోల్ పని లివర్‌లో కాబట్టి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని విడదీసినా ఆ ప్రభావం పోదు. ఈ తేడా తెలియక 'గ్యాప్ ఇచ్చే వేసుకుంటున్నాం కదా' అని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది.

మిగతా ఫిట్స్ మందుల గురించి కూడా చెబుతాను. ఇలాంటి ప్రశ్న ఉన్నవాళ్లందరూ ఫెనిటాయినే వాడుతుండరు.

కార్బమజెపిన్ వాడేవాళ్లు రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ఒమెప్రజోల్ వల్ల దాని లెవెల్ పెరిగే అవకాశం ఉంది. కళ్లు తిరగడం, రెండుగా కనిపించడం, వాంతులు దాని గుర్తులు. రెండోది చాలా ముఖ్యం. ఎండోస్కోపీలో హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా కనపడితే గ్యాస్ మాత్రతో పాటు రెండు యాంటీబయాటిక్స్ కలిపి కోర్సు ఇస్తారు. ఆ యాంటీబయాటిక్స్‌లో తరచుగా క్లారిత్రోమైసిన్ ఉంటుంది. అది కార్బమజెపిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును గట్టిగా అడ్డుకుంటుంది. కొద్ది రోజుల్లోనే లెవెల్ ప్రమాదకరంగా పెరిగి మనిషి మంచం పట్టవచ్చు. నా అనుభవంలో కడుపు మందుల వల్ల కార్బమజెపిన్ ఎక్కువై ఆసుపత్రిలో చేరినవాళ్లలో అసలు దోషి ఎక్కువసార్లు ఈ క్లారిత్రోమైసినే. లివోఫ్లాక్ససిన్ లాంటివి ఇచ్చినా ఇబ్బందే, అవి ఫిట్స్ వచ్చే అవకాశాన్నే పెంచుతాయి. కడుపు డాక్టరు కోర్సు రాస్తున్నప్పుడే 'నేను ఫిట్స్ మందు వాడుతున్నాను' అని పేరుతో సహా చెప్పాలి. వేరే కలయికలు ఉన్నాయి, వాళ్లు మార్చి ఇస్తారు.

వాల్‌ప్రోయేట్ విషయంలో గ్యాస్ మందులతో పెద్ద పేచీ లేదు. కానీ వాల్‌ప్రోయేటే చాలామందికి కడుపులో వికారం, మంట తెస్తుంది. ఆ మంటకు గ్యాస్ మాత్ర వెతుక్కునే ముందు, మాత్ర తిన్న తర్వాత వేసుకుంటున్నారా, పైన పూత ఉన్న రకం వాడుతున్నారా అన్నది డాక్టరుతో మాట్లాడితే ఒక్కోసారి సమస్యే తీరిపోతుంది. పూత ఉన్న మాత్రను విరిచి, నలిపి వేసుకోకూడదు. లెవెటిరాసెటామ్, లామోట్రిజిన్ వాడేవాళ్లు ఈ విషయంలో కొంత నిశ్చింతగా ఉండొచ్చు. అవి ఒంట్లోంచి పోయే దారులు వేరు, మామూలు గ్యాస్ మాత్రలు వాటిని కదిలించవు.

ఫిట్స్ వచ్చినప్పుడు అత్యవసరానికి ఇంట్లో డయాజెపామ్ ఉంచుకునేవాళ్లుంటారు. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ రెండూ డయాజెపామ్‌ను ఒంట్లో ఎక్కువసేపు నిలుపుతాయి. ఇచ్చిన తర్వాత మత్తు మామూలు కంటే ఎక్కువసేపు ఉండొచ్చని తెలిసి ఉండాలి, ఊపిరి ఎలా ఉందో పక్కనే కూర్చుని గమనించాలి.

మరి ఏ గ్యాస్ మాత్ర మంచిది? ఫెనిటాయిన్, కార్బమజెపిన్, క్లోబజామ్, డయాజెపామ్ వాడేవాళ్లకు నేనైతే డాక్టరుకు పాంటోప్రజోల్ గానీ రాబెప్రజోల్ గానీ సూచిస్తాను. ఆ ఎంజైముతో వాటి జోక్యం బాగా తక్కువ. మంట అప్పుడప్పుడే వస్తుంటే ఫామోటిడిన్ సరిపోతుంది. కానీ కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు, పెద్ద వయసువాళ్లకు ఫామోటిడిన్ డోసు తగ్గించాలి, లేకపోతే అదే అయోమయం తెస్తుంది, అరుదుగా ఫిట్స్ కూడా. సిమెటిడిన్ అనే పాత మందు జోలికి మాత్రం పోవద్దు. 1970ల్లో వచ్చిన ఆ మందు కడుపు పుండ్ల వైద్యాన్నే మార్చేసింది, కానీ లివర్‌లో ఒకటి కాదు, చాలా ఎంజైములను అడ్డుకుంటుంది. ఫెనిటాయిన్‌ను కొద్ది రోజుల్లోనే పెంచేస్తుంది. ఇంట్లో ఎక్కడో పాత స్ట్రిప్ ఉంటే తీసి పారేయండి.

గ్యాస్ మాత్రతో కలిపి ఒకే క్యాప్సూల్‌లో వేరే మందు ఉండే రకాలు కూడా ఉన్నాయి. వాంతులు, కడుపు ఉబ్బరం తగ్గడానికి కలుపుతారు. ఆ రెండో మందు మెటోక్లోప్రమైడ్ అయితే ఫిట్స్ ఉన్నవాళ్లు వాడకూడదు. అది ఫిట్స్‌ను ఎక్కువ చేయగలదు. స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే పేరు చూసి ఊరుకోకుండా, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు ఫార్మసిస్టుతో చదివించుకోండి.

మీరు అడగలేదు గానీ, ఏళ్ల తరబడి గ్యాస్ మాత్ర వాడటం గురించి ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ కుటుంబంలోని మాత్రలన్నీ ఎక్కువ కాలం వాడితే కొందరిలో రక్తంలో మెగ్నీషియం పడిపోతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011 మార్చిలో దీని మీద హెచ్చరిక ఇచ్చింది. ఎక్కువగా ఏడాదికి పైగా వాడినవాళ్లలో కనిపిస్తుంది, మూడు నెలలకే వచ్చినవాళ్లూ ఉన్నారు. మెగ్నీషియం బాగా తగ్గితే కండరాలు పట్టేస్తాయి, గుండె లయ తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి. అసలు ఫిట్స్ జబ్బే లేనివాళ్లకు కూడా వస్తాయి. అలాంటిది ఫిట్స్ ఉన్న మనిషికి వస్తే అందరూ ఏమనుకుంటారు? పాత జబ్బు తిరగబెట్టిందనుకుని ఫిట్స్ మందు డోసు పెంచుతారు. కారణం అక్కడ లేదు. ఆ హెచ్చరికకు ఆధారమైన కేసుల్లో దాదాపు నాలుగో వంతు మందికి మెగ్నీషియం ఇచ్చినా సరిపోలేదు, గ్యాస్ మాత్ర ఆపితేనే కోలుకున్నారు. కాబట్టి ఏళ్లుగా అదుపులో ఉన్న ఫిట్స్ మళ్లీ వస్తే, ఆ మనిషి గ్యాస్ మాత్ర నెలల తరబడి వాడుతుంటే, మెగ్నీషియం, కాల్షియం, సోడియం పరీక్షలు అడిగి చేయించుకోండి. బీపీకి మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర కూడా వాడుతుంటే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

ఎముకల సంగతి కూడా ఉంది. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్ ఏళ్లుగా వాడేవాళ్లకు విటమిన్ డి తగ్గి ఎముకలు పలచబడతాయి. గ్యాస్ మాత్రలు దీర్ఘకాలం వాడినవాళ్లలోనూ ఎముకలు విరగడం కొంత ఎక్కువగా కనిపించింది. ఫిట్స్ ఉన్న మనిషి పడిపోయే అవకాశం ఎలాగూ ఉంది. విటమిన్ డి పరీక్ష ఒకసారి చేయించడం మంచిది.

ఇంకొకటి, అసలు మీవారికి ఉన్నది ఎసిడిటీయేనా? ఈ ప్రశ్న ఎందుకంటే, కొన్ని రకాల ఫిట్స్ కడుపులోనే మొదలైనట్టు అనిపిస్తాయి. పొట్ట మధ్య నుంచి ఏదో గొంతులోకి ఎగదన్నినట్టు, గుబులుగా, కొన్ని సెకన్ల నుంచి రెండు నిమిషాల పాటు ఉంటుంది. తర్వాత మనిషి కాసేపు శూన్యంలోకి చూస్తూ ఉండిపోవచ్చు, చప్పరిస్తూ ఉండొచ్చు. మెదడు పక్కభాగంలో పుట్టే ఫిట్స్‌కు ఇది పేరున్న లక్షణం. ఇలాంటి రోగులు 'గ్యాస్ పైకి తంతోంది' అని ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు వాడటం చూశాను. ఎసిడిటీ మంట తిన్న తర్వాతో, పడుకున్నప్పుడో వస్తుంది, చాలాసేపు ఉంటుంది, నోట్లోకి పుల్లటి నీళ్లు వస్తాయి. ఫిట్స్ తాలూకుది ఎప్పుడొచ్చినా అచ్చం ఒకేలా వస్తుంది, త్వరగా పోతుంది. మీవారిది ఎలా ఉంటుందో గమనించి రాసిపెట్టండి. మంటతో పాటు నల్లటి విరేచనాలు, రక్తపు వాంతులు, మింగడం కష్టం కావడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే మాత్రం గ్యాస్ మాత్రలతో కాలయాపన చేయకుండా ఎండోస్కోపీకి వెళ్లాలి. ఛాతీలో బరువుగా నొప్పి, చెమటలు పడితే ముందు గుండె పరీక్ష. నొప్పి మాత్రలేమైనా తరచుగా వేసుకుంటున్నారేమో కూడా అడగండి. మంట మూలం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఇప్పుడు ఆసుపత్రిలో ఏం జరగొచ్చో చెబుతాను. ఫెనిటాయిన్ లెవెల్, ఆల్బుమిన్, లివర్, కిడ్నీ పరీక్షలు, సోడియం, మెగ్నీషియం చూస్తారు. అవసరమనిపిస్తే మెదడు స్కాన్ తీస్తారు. లెవెల్ పరీక్షకు రక్తం తీసే ముందు, చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో చెప్పండి. ఆ సమయం తెలియకపోతే అంకెను సరిగ్గా అర్థం చేసుకోవడం కష్టం. ఒమెప్రజోల్ ఆపి వేరేది రాస్తే, ఆ విషయం మీ న్యూరాలజిస్టుకు కూడా అదే రోజు ఫోనులో చెప్పండి. ఒమెప్రజోల్ ఆగిన కొద్ది రోజుల్లో మూసుకున్న దారి మళ్లీ తెరుచుకుంటుంది, ఫెనిటాయిన్, నార్‌క్లోబజామ్ లెవెల్స్ దిగుతాయి. ఈలోగా ఫిట్స్ మందుల డోసు కూడా తగ్గించి ఉంటే అవసరమైన దానికంటే కిందికి పోవచ్చు. అందుకని రెండు వారాల్లో మళ్లీ ఒకసారి లెవెల్ చూడమని నేను పట్టుబట్టి అడుగుతాను, మీరూ అడగండి. గ్యాస్ మాత్ర ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్లు మంట మునుపటి కంటే ఎక్కువగా రావచ్చు. అది మందు ఆగినందుకు కడుపు చేసే హడావిడి, కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. ఆ మంటకు భయపడి మళ్లీ రాత్రి మాత్రతో సిరప్ మొదలుపెట్టకండి.

ఫెనిటాయిన్ తగ్గడం మీరు అనుకున్నంత త్వరగా కనిపించదు. కౌంటర్లు నిండిపోయిన హాలు ఖాళీ కావడానికి సమయం పడుతుంది, క్లోబజామ్ తాలూకు మగత పోవడానికి రెండు మూడు వారాలు కూడా పట్టొచ్చు. మూడో రోజుకీ మగతగానే ఉన్నారని టెన్షన్ పడి మీరే డోసు తగ్గించొద్దు. రోజురోజుకీ కొంచెం మెరుగవుతున్నారా లేదా అన్నది చూడండి. మెరుగవకపోతే, లేదా లేపినా లేవనంత నిద్రలో ఉంటే, వెంటనే తిరిగి తీసుకెళ్లండి. నడక కుదుటపడేదాకా మెట్లు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, స్నానానికి వెళ్లేటప్పుడు ఎవరో ఒకరు పక్కన ఉండాలి. బాత్రూం తలుపు గడియ వేసుకోవద్దని చెప్పండి. డాక్టరు సరేననే వరకు బండి తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి.